కిలో పెరిగిన మామ

మామా,

చీనీకాయల బేరానికి పులివెందులకు పోతాండా. సాయంత్రం బస్సుకు వచ్చేస్తా. రాగిజావ పొయ్యి పక్కన గిన్నెలో ఉంది. గోరువెచ్చగా చేసుకొని కొంచెం కొంచెంగా తాగు. గడగడ తాగితే నిన్నటి మాదిరి కడుపు పట్టుకొని పడుకుంటావు. శనక్కాయల పాలలో అరటిపండు, బెల్లం కలిపి ఫ్రిజ్‌లో పెట్టినా. నెయ్యి వేయలేదు, నీకు పడదు. పేగు ఆపరేషన్ చేసిన డాక్టరు మెతుకు ముట్టొద్దన్నాడు కాబట్టి సంగటి గిన్నె జోలికి పోవద్దు.

నన్ను చూసుకునేకి వచ్చిన రోజు మూడు సంగటి ముద్దలు తిని, ఊరిమిండి పచ్చడి ఇంకా ఉందా అని అడిగితివి. మా అమ్మ లోపలికొచ్చి, "ఈ పిల్లోనికి వండి పెట్టేకి నీ రెండు చేతులు చాలవు పాపా" అని నవ్వింది. నువ్వు అరగ్లాసు జావ మిగిల్చినప్పుడల్లా నాకు ఆ నవ్వే గుర్తొస్తాంది.

మొన్న ప్రొద్దుటూరు ఆస్పత్రిలో నువ్వు కిలో పెరిగినావని చెప్తే, సంబరపడి గుడిలో టెంకాయ కొట్టినా. ఈ పొద్దు నీ ప్యాంటు ఉతుకుదామని తీస్తే జేబులో మన కాటా కిలోరాయి ఉంది. దొంగ తూకం వేసినాడని మార్కెట్లో దళారి కాలరు పట్టుకున్న మనిషివి నువ్వు! నా కోసం నువ్వే కాటాను మోసం చేస్తివా?

సుగుణ

కిలోరాయి నా సంచిలో వేసుకొని పోతాండా, వెతకొద్దు. ఈసారి ఉత్త జేబులతో తూకానికి రా. తగ్గినా నేను ఏడవను. మొన్నటి టెంకాయ రాయికే చెల్లింది, వచ్చేటప్పుడు నీకు ఇంకోటి తెస్తా.