అరటి గెల వెనక మనిషి

8 జనవరి 1994, శనివారం

ఏడో తరగతి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళాను. మా ఊరి మ్యూజియం అంటే చిత్రకారుడు రెక్సోగారి మ్యూజియమే. తొంభై బొమ్మలుంటే డెబ్భై ఆయనవి. పెద్ద హాల్లో ‘గామెలాన్ సాధన’ ముందు పిల్లలు ఎప్పట్లాగే పడీ పడీ నవ్వారు. పదకొండు మంది వాద్యగాళ్ళూ మధ్యలో ఉన్న అరటి గెలనే చూస్తుంటారు కదా. వీళ్ళందరికీ ఆకలేస్తోందా మిస్ అని అడిగారు. అవున్రా, పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు అన్నాను. ఊరంతా ఏళ్ళ తరబడి వేసుకునే జోకు.

మా జావా వాద్యమేళం గామెలాన్ గురించి తెలిసినవాళ్ళకి నవ్వు రాదు. మద్దెల లేకుండా ఆ మేళం కదలదు. అందరూ మద్దెల వాయించేవాడి చేతుల వంకే చూస్తారు. ఆ గెల ఉన్న చోట మా నాన్న ఉన్నాడు.

ఇవాళ బొమ్మ ముందు తాడు కట్టారు. పాత బొమ్మలు శుభ్రం చేయడానికి యోగ్యకర్తా నుంచి ఎర్నా అనే అమ్మాయి వచ్చింది. ఈ గెల రంగు మిగతావాటితో కలవట్లేదు మేడమ్, దీన్ని తర్వాతెప్పుడో పూశారు అంది, మహా హుషారుగా. మందులో ముంచిన దూదితో తుడుస్తోంది. దూది పచ్చగా అయింది.

9 జనవరి, ఆదివారం

ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. అరవై ఐదులో కమ్యూనిస్టులంటూ సైన్యం జావా అంతా మనుషుల్ని లారీలెక్కించింది. నాకప్పుడు ఆరేళ్ళు. నాన్న రైతు సంఘం పండగలో మద్దెల వాయించాడు, అంతే నేరం. తిరిగి రాలేదు. నెల తిరక్కుండా రెక్సోగారు బొమ్మలో ఆయన మీద గెల వేసేశారు. అది పిరికితనమో, మమ్మల్ని కాపాడటమో అమ్మ ఇప్పటికీ తేల్చుకోలేదు.

మామయ్య నన్ను తన కూతురిగా రాయించాడు. ఆ రాత వల్లే, ఇంట్లో కమ్యూనిస్టులెవరూ లేరనే ‘శుభ్రమైన కుటుంబం’ సర్టిఫికెట్ వచ్చింది, దానివల్లే ఈ ఉద్యోగం. నాన్నని గుర్తుపట్టే ముసలివాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఒక్కరు నోరు విప్పినా నా ఉద్యోగం పోతుంది, మామయ్య జైలుకి పోతాడు.

16 జనవరి

గెల కింద నుంచి చెయ్యి వచ్చింది.

17 జనవరి

అమ్మ బజార్లో సోయా గింజల టెంపే అమ్ముతూ విన్నదట. ఇంటికొచ్చి బుట్ట దించకుండానే, ఎడమ చెయ్యా కుడి చెయ్యా అని అడిగింది. ఎడమ అన్నాను. చిటికెన వేలు వంకరగా ఉందా అంది. ఉందన్నాను. వంటింట్లోకి వెళ్ళి మిరపకాయలు నూరుతూ కూర్చుంది. కళ్ళ నీళ్ళకి అదో సాకు.

23 జనవరి, ఆదివారం, పదకొండు గంటలు

ముఖం వచ్చేసింది. ఫోటోలన్నీ అప్పుడే కాల్చేశాం, నేను ఆ ముఖం మర్చిపోయాను. నాకంటే చిన్నవాడు. అది చూసి తట్టుకోలేకపోయాను.

పక్కనే బోర్డు పెట్టారు: ఈ వ్యక్తి ఎవరో తెలిసినవారు ఆఫీసులో చెప్పగలరు. గోడ పట్టుకున్నాను. వాచ్‌మన్ గిమాన్ స్టూలు తెచ్చి, ఏం టీచరుగారూ, వాళ్ళకి ఆకలి తీరి మీకు మొదలైందా అన్నాడు. నవ్వాను. నా నవ్వు నాకే అసహ్యం వేసింది.

27 జనవరి, గురువారం

స్టాఫ్ రూములోకి హెడ్మాస్టర్ సుదిబ్యోగారు పేపరు తెచ్చారు. అందులో బొమ్మ ఫోటో, నాన్న ముఖం. పేపరు నా ముఖం పక్కన పట్టుకుని, ఏమండోయ్, ఇటు చూడండి, ఆ ముక్కు అచ్చం మన ముర్తినీ టీచర్‌దే అన్నారు. అందరూ నవ్వారు. మా నాన్నది చప్పిడి ముక్కండీ అన్నాను. అంటే మామయ్యది.

సాయంత్రం ఆయనే వరండాలోకి విడిగా పిలిచారు. వచ్చే నెల సర్టిఫికెట్లు మళ్ళీ చూస్తారటమ్మా, మ్యూజియం వైపు ఎక్కువ తిరక్కు అన్నారు. ఈసారి నవ్వలేదు. బెదిరించారా, మంచి కోరి చెప్పారా?

30 జనవరి

వెళ్ళలేదు.

6 ఫిబ్రవరి, ఆదివారం

రంజాన్ ఉపవాసాలకి ముందు ఆఖరి ఆదివారం. ఊరంతా పూలు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతోంది. మాకు సమాధి లేదు. ఏటా ఈ రోజు అమ్మ తలుపేసుకుని కూర్చుంటుంది. ఇవాళ మాత్రం పొద్దున్నే గులాబీ రేకులూ మల్లెలూ అరిటాకు పొట్లంలో తెచ్చుకుంది. పద అంది. ఎక్కడికే అంటే, మీ నాన్న దగ్గరికి అంది.

కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే నేల మీద కూర్చుని పట్టుకున్నాను. మామయ్యని లోపలేస్తారే, మనం రోడ్డున పడతామే అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు నీ కోసం నోరు మూసుకున్నానే, ఒక్క పూట పూలు చల్లుకోనివ్వవా అంది.

హాలు నిండా జనం. మోకాళ్ళ నొప్పుల మనిషి అమ్మ, తాడు కింద నుంచి వంగి దూరింది. బొమ్మ కింద చతికిలబడి పూలు చల్లింది. గిమాన్ పరిగెత్తుకొచ్చి, రెక్సోగారి సమాధి వెనక తోటలో ఉంది పెద్దమ్మా, ఇక్కడ కాదు అన్నాడు. నాకు తెలుసులే నాయనా అంది అమ్మ.

నేను స్తంభం వెనక ఉన్నాను. ఆమె ఎవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను. అది కూడా రాయాలి కాబట్టి రాశాను.

9 ఫిబ్రవరి, బుధవారం

బడి ఎగ్గొట్టి వెళ్ళాను. అమ్మ చల్లినవి వాడి నల్లబడ్డాయి. వాటి మీద తాజా పూలున్నాయి, ఏడెనిమిది ఆకుల్లో. అమ్మ ఆదివారం నుంచీ ఇల్లు కదల్లేదు.

ఎవరో ముసలమ్మలు టీచరుగారూ, ఒక్కొక్కరే వస్తున్నారు, పేరు చెప్పరు అన్నాడు గిమాన్. ఆఫీసువాళ్ళు ఊడ్చెయ్యమంటున్నారు, నాకేమో చెయ్యి రావట్లేదు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ మద్దెలాయన మీకేమవుతాడు అని అడిగాడు.

మా నాన్న అన్నాను.