ఎఫెసుకు వేసిన ఉత్తరం

అరోరా, ఇల్లినాయ్
ఆగస్టు, 1985

చిరంజీవి సుందర్‌కు,

ప్రభువు నామంలో అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. మిగతాది చదివాక నన్ను తిట్టుకోకు.

థెస్సలొనీక నుంచి నువ్వు వేసిన కార్డు అందింది. ఉన్న కాస్త జాగాలోనే మూడు ప్రశ్నలు ఇరికించావు. టమాటా మొక్కలు బాగానే ఉన్నాయి, కాయలు మాత్రం మాకంటే ముందు ఉడతలు తింటున్నాయి. నీ పాత కారు రోజూ ఒకసారి స్టార్ట్ చేస్తున్నాను, పొగంతా పక్కింట్లోకి పోతోంది. మూడోదానికి జవాబు కాస్త ఆగి రాస్తాను.

కారప్పొడి సీసా నీ బ్యాగులో పెడుతుంటే "అమ్మా, ప్లీజ్, ఫ్రెండ్స్ ముందు ఎంబరాస్ చెయ్యకు" అన్నావు. ఇప్పుడేమో నువ్వూ రాధాకృష్ణా కూలిన గుడి మెట్ల మీద కూర్చుని, రొట్టెకి ఆలివ్ నూనె, కారప్పొడి అద్దుకుని తిన్నామని రాశావు. మీ కాలేజీ ఫ్రెండ్ మైక్ సీసా అడుగు కూడా గీకాడట. ఇంకో సీసా పెట్టి ఉండాల్సింది.

ఇక నా తెలివి సంగతి విను. నువ్వు వెళ్ళేముందు ఏయే ఊళ్ళు తిరుగుతారో చెప్పావు కదా, వాటన్నిటికీ తెలుగు బైబిలు చివరనున్న పౌలు ప్రయాణాల పటంలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. అన్నీ నేనెరిగిన ఊళ్ళే. గుంటూరులో పెరిగిన నాకు తెనాలి ఎంత దగ్గరో, ఆదివారం బడి పుణ్యమా అని కొరింథు కూడా అంత దగ్గరే. అందుకే జూన్‌లో "పోస్టాఫీసు, ఎఫెసు, టర్కీ" అని ఒక ఉత్తరం, జూలైలో "పోస్టాఫీసు, ఫిలిప్పీ, గ్రీసు" అని ఇంకొకటి వేశాను. ఎఫెసుకు వేసింది నిన్న కవరు నిండా ముద్రలతో తిరిగొచ్చింది. రాధాకృష్ణ వాళ్ళమ్మ ఉషా ఆంటీకి ఫోన్ చేశాను.

"అయ్యో వసంతక్కా, ఎఫెసస్ అంటే ఓన్లీ రూయిన్సేనండీ! అక్కడ మనుషులుండరు, టూరిస్టులు చూసి వెళ్ళిపోతారంతే" అంది.

బైబిల్లో పౌలు ఉత్తరం రాస్తే అందిన ఊరు కదా, నేను రాస్తే అందదా అనుకున్నాను. ఫిలిప్పీ కూడా అంతేనట. ఆ రెండు ఉత్తరాల్లోనూ ఒకటే మాట రాశాను, వెంటనే ఇంటికి ఫోన్ చెయ్యమని. నువ్వు చెయ్యలేదని ఇన్నాళ్ళూ నీ మీద కోపం పెంచుకుంటూ కూర్చున్నాను. నీ తప్పేం లేదు నాన్నా.

మీ నాన్నగారి గొంతు బాగుపడిందా అని అడిగావు. బాగుపడలేదు. నువ్వు వెళ్ళేనాటికి ఉన్న ఆ బొంగురు జలుబు వల్ల కాదు, క్యాన్సర్. రేడియేషన్ కరెంటు పెడితే చాలదట, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. వచ్చే గురువారం ఆపరేషన్. ప్రాణానికి భయం లేదంటున్నారు. మాట మాత్రం ఇక ఉండదు.

నర్సుని కాబట్టి ధైర్యంగా ఉంటానని ఆయన అనుకుంటున్నారు. మా వార్డులో అలాంటివాళ్ళకి మెడ దగ్గరి రంధ్రం శుభ్రం చేశాను, మాట రాక వాళ్ళు కాగితం మీద రాసింది చదివాను. అన్నీ తెలుసు కాబట్టే నాకింత భయం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన గొంతుతోనే తెల్లారుతోంది నాకు.

నీకు ఈ సంగతి చెప్పొద్దని ఆయన నా చేత మాట తీసుకున్నారు. "వాడు హ్యాపీగా తిరుగుతున్నాడు, తిరగనీ. వచ్చాక తెలుస్తుందిలే" అన్నారు. కానీ మొన్న శనివారం మనింట్లో ప్రార్థన కూటం జరిగితే, ఎప్పటిలా పాట ఆయనే ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఆగిపోయారు. గొంతు పట్టేసిందేమోనని నేను నీళ్ళు తెచ్చాను. ఆయన గ్లాసు తీసుకోకుండా, "ఎయిర్‌పోర్టులో వాణ్ణి కసురుకున్నాను. జాబ్ వదులుకుని రాళ్ళు చూడ్డానికి పోతావా అన్నాను. అట్లా అనకుండా ఉండాల్సింది" అన్నారు, అందరి ముందూ. ఆ రోజు నుంచీ ఫోన్ మోగితే నన్ను ఎత్తనివ్వడం లేదు.

నేను చెయ్యగలిగిందంతా చేశాను. ఏథెన్సులోని ఎంబసీకి ఫోన్ చేస్తే, ఏ హోటల్లో ఉన్నారో చెప్పమన్నారు. నాకేం తెలుసు? నెలాఖరుకి మీరంతా ఏథెన్సులోనే విమానం ఎక్కుతారన్నది తప్ప ఉషా ఆంటీకీ ఏమీ తెలియదు. అందుకని ఈ ఉత్తరం అక్కడి పెద్ద పోస్టాఫీసుకి వేస్తున్నాను. ఎప్పుడైనా వెళ్ళి అడుగుతావని ఆశ. గురువారంలోగా నీ చేతికి అందదని తెలుసు. తెలిసీ రాస్తున్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ప్రభువు దయవల్ల ముందే అందితే, ఏ వేళైనా సరే, డబ్బు మేం కట్టుకునేలా కలెక్ట్ కాల్ చెయ్యి. ఆయనే ఎత్తుతారు. మాట్లాడించు. ఏదైనా సరే మాట్లాడించు, తిట్టినా విను.

గురువారం దాటాక అందితే మాత్రం కలెక్ట్ కాల్ చెయ్యకు. ఆస్పత్రి నుంచి వచ్చాక సాయంత్రాలు ఆయన ఇంట్లో ఒక్కరే ఉంటారు, నేను డ్యూటీలో ఉంటాను. ఆపరేటర్ "యాక్సెప్ట్ చేస్తారా" అని అడిగితే ఆయన ఎస్ అనలేరు, ఆపరేటరే లైను కట్ చేసేస్తారు. డబ్బు కట్టి నేరుగా చెయ్యి. ఫోన్ ఎత్తిన చప్పుడయ్యాక అవతల ఏమీ వినపడకపోతే పెట్టేయకు నాన్నా. అది మీ నాన్నగారే. నువ్వు మాట్లాడు.

ఇట్లు,
నీ అమ్మ,
వసంతకుమారి