ఇక నువ్వూ చేపా తేల్చుకోండి

నాన్నకి,

మోకాలు ఎలా ఉంది? అక్క వాళ్లింట్లో ఉన్నన్నాళ్లైనా తను చెప్పినట్టు వింటున్నావా, లేక డాక్టరు వద్దన్న మెట్లన్నీ పనిగట్టుకుని ఎక్కుతున్నావా? ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఫోన్లో అయితే నువ్వు సగం విని కోప్పడి అమ్మ చేతికిచ్చేస్తావు. ఉత్తరమైతే కోపం వచ్చినా చివరిదాకా చదవక తప్పదు. కళ్లజోడు దొరక్కపోతే అమ్మచేత చదివించుకో. నిన్ను దెప్పిన చోట అమ్మ ఇంకాస్త గట్టిగా చదువుతుంది, ఏమనుకోకు.

ముందు చెడ్డ వార్త చెప్పేస్తాను. మన పడవకి నేను కెప్టెన్‌నై ఐదు వారాలైంది. ఈ ఐదు వారాల్లో, సరదాకి చేపలు పట్టాలని డబ్బిచ్చి మన పడవ ఎక్కినవాళ్లకి దొరికినవి గట్టిగా లెక్కేస్తే మూడు చేపలు. గాలానికి తగలక కాదు. తగిలినట్టే తగిలి జారిపోతున్నాయి. పొద్దున్నే ఉత్సాహంగా ఎక్కినవాళ్లు ఎండకి మాడి, ఖాళీ చేతులతో రేవులో దిగుతున్నారు. పక్క పడవ సంగతి నీకు తెలుసుగా. అక్కడ పనివాళ్లే గాలం వేసి, చేప తగిలాక గాలం కర్ర తెచ్చి కస్టమర్ చేతిలో పెడతారు. ఆయనగారు ఫొటోకి నవ్వితే చాలు. వాళ్లని చూసి మనం ఎన్నేళ్లు నవ్వుకున్నామో, ఇప్పుడు వాళ్లు అంత నవ్వుతున్నారు. "ఆ అమ్మాయి పడవలో చేపలు నిలవవు" అనే మాట రేవంతా పాకింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మొదట గాలాలని తిట్టాను, తర్వాత ఎరని, ఆ తర్వాత బాబాయిని. నీ తమ్ముడు కదా, నోరు విప్పకుండా వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

నీ పద్ధతి నేను ఒక్క పిసరు తప్పలేదు, నాన్నా. కస్టమర్ కర్ర మీద మనవాళ్ల చెయ్యి పడకూడదు. ఎర కట్టిస్తాం, ఎలా పట్టుకోవాలో చూపిస్తాం, చేప పడవ పక్కకి వచ్చాక వలతో ఎత్తుతాం. మధ్యలో జరిగేదంతా వాళ్ల పని. చేప తగలగానే నువ్వు పైన స్టీరింగ్ దగ్గర్నుంచి అరిచేవాడివి చూడు, "నా పని అయిపోయింది, ఇక నువ్వూ చేపా తేల్చుకోండి" అని. పన్నెండేళ్లపాటు నీ దగ్గర పనిచేస్తూ, కింద నిలబడి ఆ మాట విన్నాను. ఇప్పుడు నేనూ అలాగే అరుస్తున్నాను. అరిచి, ఇంజను గేరు తీసేసి, పడవని నీళ్ల మీద వదిలేసి చూస్తున్నాను.

మొన్న మాత్రం ఆ పద్ధతి తప్పాను. ఈ ఉత్తరం అందుకే.

బజారు వీధి చివర బట్టలు కుట్టే ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. కుట్టీ కుట్టీ వేళ్లు వంకర్లు పోయాయి. "ఇన్నేళ్లూ మిషను మీదనుంచి తలెత్తితే సముద్రమే కనిపించేదమ్మా. ఒక్క చేపనైనా నా చేత్తో పట్టాలి" అని వచ్చింది. మొదటిసారి చేప జారిపోయింది. రెండోసారీ అంతే. మొన్న మూడోసారి మంచి చేప తగిలింది. పావుగంట లాగింది ఆవిడ. వేళ్లు తెల్లబడిపోయాయి. ఇంకొక్క క్షణంలో వదిలేస్తుందనగా నేను నిచ్చెన దిగి పరిగెత్తి ఆవిడ చేతుల్లోంచి కర్ర లాక్కున్నాను. లాక్కున్నాననే రాస్తున్నాను, సాయం చేశానని రాస్తే అబద్ధమవుతుంది. రీలు తిప్పి దారం నేనే చుట్టాను. బాబాయి వలతో ఎత్తాడు. పడవలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని చేపని చూసి, "బాగుందమ్మా మీ చేప" అంది. వెటకారంగా కాదు, మర్యాదగానే అంది. ఫొటో వద్దంది.

ఇంకో మాట నీకెప్పుడూ చెప్పనిది చెబుతాను. నాకు పదకొండేళ్లప్పుడు, బడి సెలవుల్లో, నన్ను పడవ ఎక్కించావు. నా గాలానికి నాకంటే బరువైన చేప పడింది. నలభై నిమిషాలు పట్టుకుని ఉన్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. "నాన్నా, పట్టుకో" అన్నాను. ఒక్కసారే అన్నాను. నువ్వు రాలేదు. చేప కన్ను కనిపించేంత దగ్గరికి వచ్చి, గాలం ముల్లు విదిలించుకుని వెళ్లిపోయింది. నువ్వు దిగివచ్చి కర్ర కడిగావు తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్లోవాళ్లకి ఏ నియమమో కన్నకూతురికీ అదే. మా నాన్న ముక్కుసూటి మనిషి, అలాగే ఉండాలి అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకుని, దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. మొన్న కర్ర లాక్కున్నాక తెలిసింది, నేను నిచ్చెన దిగింది ఆ పెద్దావిడ కోసం కాదు. ఆరోజు నాకోసం ఎవరూ దిగలేదని దిగాను. దానికి పాపం ఆవిడ చేప బలైపోయింది.

నీ పద్ధతి నిలబెట్టడం నాకు చేతకావట్లేదు, తప్పడమూ చేతకావట్లేదు. పడవ నాకొద్దు నాన్నా. ఈ సీజను అయ్యాక ఎవరికైనా ఇచ్చేయి. పడవల మరమ్మతు షెడ్డులో పనికి రమ్మంటున్నారు, అక్కడికి పోతాను.

కోప్పడితే కోప్పడు, మందులు మాత్రం మానకు.

నీ మిరపకాయ

*

మిరపకాయకి,

కళ్లజోడు దొరికింది. ఉత్తరం నేనే చదివాను, రెండుసార్లు. మూడోసారి మీ అమ్మ చదివింది, నువ్వు చెప్పినట్టే గట్టిగా.

కోపం రాలేదు తల్లీ, సిగ్గేసింది. "అరిచి, ఇంజను గేరు తీసేసి" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఓసి పిచ్చిదానా, గేరు తియ్యమని నీకెవరు చెప్పారే? నేను ఎప్పుడూ తియ్యలేదు.

చేప ఎర అందుకున్న క్షణంలో నేను పడవని ఒక్క ఊపు ముందుకి దూకించేవాణ్ణి. దాంతో ముల్లు దాని దవడలో దిగేది. చేప మనవైపు తిరిగి వస్తే దారం వదులై ముల్లు ఊడిపోతుంది కదా, అప్పుడు ఇంకాస్త ముందుకి నడిపేవాణ్ణి. అటు పారిపోతే పడవని మెల్లగా వెనక్కి, దాని దగ్గరికే తీసుకుపోయేవాణ్ణి. కింద ఉన్నవాడు రీలు చుడుతుంటే దారం దానంతట అదే వచ్చేది, అదంతా తన బలమే అనుకునేవాడు. కర్ర నేను ముట్టుకోలేదన్నది నిజమే. కర్ర తప్ప మిగతాదంతా ముట్టుకున్నాను. చేప తగిలాక నిన్ను కూడా స్టీరింగ్ దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు, ఎందుకనుకున్నావు? ఇంజను మూలుగుతోందేమిటని నువ్వడిగితే, అలకి పడవని సర్దుతున్నానని బుకాయించేవాణ్ణి. మీ బాబాయికి తెలుసు. ఎవరికీ చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. పక్క పడవ వాళ్లే నయం, చేసేదేదో అందరి ముందూ చేస్తారు.

ఖాళీ చేతులతో దిగేవాడి మొహం చూడలేకపోయేవాణ్ణి. అలాగని చేప తెచ్చి చేతిలో పెడితే అది వాడిది కాదు. చేపా దొరకాలి, తనే పట్టాననీ అనుకోవాలి. మొదట్లో జాలిపడి చేశాను, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత పేరొచ్చింది. పేరొచ్చాక ఇక నోరు పెగల్లేదు. ఈ ఏడు నీకు తాళాలిచ్చేటప్పుడు చెబుదామని గొంతుదాకా వచ్చింది. రేవులో నా గురించి నువ్వు గొప్పగా చెప్పుకునే మాటలు విని విని, వాటిని పోగొట్టుకోలేకపోయాను. నా పిరికితనానికి ఐదు వారాలు నువ్వు మాటలు పడ్డావు.

ఇక నీ చేప సంగతి. ఆరోజు కూడా నా చెయ్యి గేరు మీదే ఉంది. ఎప్పటిలాగే "నా పని అయిపోయింది" అని అరిచాను. ఆ మాట వినగానే అందరూ చేపవైపు తిరుగుతారు. నువ్వు నావైపు తిరిగావు. సరే, నేను చూసుకుంటాలే అన్నట్టు పెద్దమనిషిలా తల ఊపావు. నా మాటని అంత నిజమని నమ్మిన మొహం నేనింకోటి చూడలేదు. గేరు తీసేశాను. ముప్పై ఏళ్లలో ఆ పడవ మీద చేప తగిలాక గేరు తీసింది ఆ ఒక్కరోజే. "పట్టుకో" అన్నావు, విన్నాను. ఒక కాలు నిచ్చెన మీద పెట్టాను కూడా. అంత పెద్ద చేపకి నా ఇంజను లేకపోతే కండలు తిరిగినవాళ్లు కూడా పది నిమిషాలు నిలవరు, నువ్వు నలభై నిమిషాలు నిలబడ్డావు. దాన్ని నీ చేతుల్లోంచి తీసుకోవడానికి మనసొప్పలేదు. నీతో ఏం మాట్లాడాలో తెలియక కర్ర కడిగాను. మాట్లాడి ఉండాల్సింది.

నా పడవలో జనం పట్టిన చేపలన్నీ సగం నావి. నీది పోయినా పూర్తిగా నీది.

పడవ ఎవరికివ్వాలో నేను చెప్పను. అంత చెప్పే మొహం నాకు లేదు.

నాన్న

కింద రాస్తున్నది అమ్మని. ఆరోజు మీ నాన్న ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని లేచిపోయారు. ఒంట్లో బాగాలేదన్నారు, నమ్మాను. ఏం చెప్పినా నమ్మేవాళ్లం ఇంట్లో ఇద్దరం దొరికాం, ఆయన అదృష్టం.

*

నాన్నకి,

మూడు రోజులు కోపంతో జవాబు రాయలేదు. నీ నిజాయితీ గురించి నేను రేవులో ఎంతమందితో పోట్లాడానో గుర్తొచ్చిన కొద్దీ ఒళ్లు మండింది. బాబాయిని నిలదీస్తే, ఆయన "హమ్మయ్య, అన్నయ్యే చెప్పేశాడు కదా" అని హాయిగా ఒళ్లు విరుచుకున్నాడు. ఆయన మీదా కోపం వచ్చింది. నాలుగోరోజు నీ ఉత్తరం మళ్లీ తీశాను. నువ్వు నిచ్చెన మీద కాలు పెట్టావన్న చోట ఏడుపొచ్చింది, కోపం పోయింది. ఆ ఒక్క కాలు సంగతి ఇరవై ఏళ్ల ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?

తర్వాత ఆ పెద్దావిడ దుకాణానికి వెళ్లాను. నేల మీదంతా దారప్పోగులు, గోడకి సగం కుట్టిన చొక్కాలు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేసుకుంటుంటే, స్టూలు మీద కూర్చుని ఇంజను సంగతి అంతా చెప్పేశాను. ఆవిడ సూదులన్నీ తీసి పక్కన పెట్టింది.

"మీ నాన్నగారు అందరికీ చేసే ఆ సాయం నువ్వు నాకు చెయ్యలేదా?"

"తెలియక చెయ్యలేదండి. మీ చేపలు అందుకే పోయాయి."

"అయితే మొదటి రెండుసార్లూ నేనొక్కదాన్నే పట్టుకున్నానన్నమాట. ఎంతసేపు ఆపాను?"

"మొదటిసారి పది నిమిషాలు. రెండోసారి ఇంకా ఎక్కువేనండి."

"ఈ వేళ్లతోనా" అని చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లానా, ఆవిడేమో బహుమతి వచ్చినదానిలా మెరిసిపోతోంది.

మూడోసారి లాక్కున్నందుకు క్షమించమన్నాను. "సాయం వద్దని కాదమ్మా" అంది. "నాకు చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించడానికి రోజూ ఎదురింటావిడని పిలుస్తాను. నేను పిలిస్తేనే వస్తుంది, ఎక్కించి వెళ్లిపోతుంది. చొక్కా నాదే. నువ్వు ఒక్క మాట అడిగుంటే ఇచ్చేదాన్నేమో."

అప్పట్నుంచి పడవ ఎక్కేముందే అందరికీ ఇంజను గుట్టు విప్పి చెప్పి, సాయం కావాలా వద్దా అని అడుగుతున్నాను. పెద్దావిడకి తప్ప ఇంకెవరికీ నీ పేరు బయటపెట్టలేదు, భయపడకు. బాబాయి "కొంప ముంచావే" అని తల పట్టుకున్నాడు. కొంపేమీ మునగలేదు. ఒకాయన తనకి వద్దు, వాళ్లావిడకి మాత్రం చెయ్యమన్నాడు. ఆవిడకి పడింది, ఆయనకి పోయింది. ఇల్లు చేరేదాకా ఆవిడ ఆయన్ని వదిలిపెట్టి ఉండదు. కొందరు మొహం చిట్లించి పక్క పడవకి పోయారు, పోనీ. పెద్దావిడ నాలుగోసారి వచ్చింది. పిలిచేదాకా ఇంజను ముట్టుకోవద్దంది. ఇరవై నిమిషాలు పిలవలేదు. నా ప్రాణం పోయినంత పనైంది. చివరికి తలెత్తి, "ఇప్పుడు కాస్త వెనక్కి రామ్మా" అంది. వచ్చాను. మూరెడు చేప. "ఇది నా చేప, ఫొటో తియ్యండి" అని ఆవిడే అడిగింది.

పడవ ఎవరికీ ఇవ్వకు. నాకు కావాలి. షెడ్డువాళ్లకి రానని చెప్పేశాను.

మోకాలు బాగయ్యాక రా. ఈసారి పైకెక్కేది లేదు, కింద కుర్చీలో గాలం పట్టుకుని కూర్చోవాలి. సాయం కావాలా వద్దా అని నిన్ను కూడా అడుగుతాను. నువ్వు వద్దంటావని నాకు తెలుసు. వద్దన్నాక నీ అరచేతులు బొబ్బలెక్కినా, చేప కళ్లముందే జారిపోతున్నా, నువ్వు పిలిచేదాకా నేను గేరు ముట్టుకోను, నాన్నా. కదలకుండా నిలబడటం నీకెంత కష్టమైందో అప్పుడు నాకూ తెలుస్తుంది.

నీ మిరపకాయ