ఏకుల గదిలో పెట్టె

పొందూరులో ఉన్న అక్కకి, సూరత్ నించి నీ తమ్ముడు అప్పన్న దణ్ణాలెట్టి రాసేది. నాను బాగున్నాను. నువ్వూ బావా ఎలాగున్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గినాదా? మేనకోడలు బడి ఎగ్గొట్టకుండా వెళ్తన్నాదా?

ఫోనుండగా ఈ ఉత్తరం ఏటిరా అంటావు. ఫోన్లో సెప్తే "సర్లేరా" అని పెట్టేస్తావు. కాగితమైతే బావ సదువుతాడు, నువ్వు దాస్తావు. అందుకే రాత్తన్నాను.

ఇక్కడ పనికి కొదవ నేదు. రోజుకో మేడ ఎక్కి సోలారు పలకలు బిగిస్తన్నాం. ఎండకి పానా పట్టుకుంటే సెయ్యి సుర్రుమంటాది. తిండంటావా, పొద్దున్నా రొట్టే, సాయంత్రమూ రొట్టే. ఎండుసేపల కూర తలుసుకుంటే ఏడుపొస్తన్నాది, ఇటేపు ఎవులైనా వస్తే ఓ పొట్లం పంపు. మద్దేనం మేడల మీద మనిషి జాడుండదు. అంత ఎండలో ఒక్కణ్నీ ఉంటే ఎనకాల ఎవులో నిలబడినట్టుంటాది. తిరిగి సూస్తే ఎవులూ ఉండరు. నాను బాగానే ఉన్నాన్లే, దిగులెట్టుకోకు.

మొన్న ఓ ఇంటి సోలారు విప్పడానికెళ్ళాం. ఇల్లు ఖాళీ సేసి నెలలయినాది. మెయిను కట్టేసున్నాది. అయినా తలుపు తీస్తే లోపల ఏదో జుయ్యిమంటన్నాది. పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్సే పెట్టె ఉంటాది కదా, ఇన్వర్టరు, దాన్ని ఆళ్ళు బట్టల బీరువాలో బిగించుకున్నారు. సూద్దును కదా, పెట్టె సుట్టూ సెక్క నల్లగా కమిలిపోయున్నాది. మడతెట్టి వదిలేసిన ఓ సీర అంచులు మాడిపోయున్నాయి. ఇన్నాళ్ళూ ఒక్కరూ సూడనేదు. తీగకి మీటరెడితే అంకెలు గబగబా లేసినాయి. ఎండ ఉన్నంతసేపూ ఆ తీగ సావదక్కా, కింద మనం ఎన్ని స్విచ్చిలు కట్టినా.

అక్కడే నువ్వు గురుతొచ్చినావు.

మీ ఇంటి సోలారు పెట్టెని, వడికే పత్తి సుట్టలుంచే ఏకుల గదిలో, మీ అత్త రాట్నం తిప్పుకునే మూల గోడకి బిగించినారు. ఆవిడ పోయి ఏడాదైనా అవనేదు. మొన్నామధ్య ఫోన్లో నువ్వేటన్నావు? "మద్దేనమయ్యేసరికి నేలమీద పత్తి పింజలు వాటంతటవే ఆ గోడకి పాకుతన్నాయిరా. అత్త పిలుస్తన్నాది. రోజూ ఓ ఏకు పెట్టె మీద పెడతన్నాను, సాయంత్రానికి నూలులా సన్నంగా సాగుంటాది" అన్నావు. నాను నవ్వినాను. "పిచ్చిదానా, లోపల ఫ్యానుంటాది, అది గాలి లాగుతాది" అన్నాను.

ఫోనెట్టేక నువ్వు పంపిన ఫొటో పెద్దది సేసి పెట్టె మీద నెంబరు సూసినాను. ఆ రకానికి ఫ్యానుండదక్కా. ఎనకాల రేకులుంటాయి, వేడి వాటి మీంచే పోతాది. పత్తిని ఏటి లాగుతన్నాదో నాకు తెలీదు. ఫొటోలో ఆ ఏకు మీ అత్త సేత్తో తీసినంత సన్నంగా ఉన్నాది. నాకు బయ్యమేసినాది. ఇది రాత్తంటే ఇంకా ఏస్తన్నాది.

అత్తే అయితే ఆవిడకి నా దణ్ణం. కానీ నిప్పు సంగతి నాకు తెలుసు. పెట్టె ఉన్న సోట అంటుకునేదేదీ ఉండకూడదు, సుట్టూ మూరెడు ఖాళీ ఉండాల, ఇటుక గోడవ్వాల, ఎండా వానా తగలకూడదు, ఆపే స్విచ్చి సేతికందాల. రూలు పుస్తకంలో మాటలివి, నా సొంతం కాదు. మీ గదిలో చూరు దాకా పత్తే. ఒక్క రవ్వ సాలు.

ఈ ఉత్తరం అందగానే పత్తీ, ఏకులూ, పత్తి దువ్వుకునే వాలుగ సేప దవడ ఎముకా అన్నీ బయటెట్టు. పెట్టెని బావ సెయ్యి ఎయ్యకూడదు, ఒట్టెయ్యించు. బిగించినోళ్ళని పిలిసి ఉత్తర దిక్కునున్న పంచలో గోడకి మార్పించండి. అరసవల్లి వెళ్తే సామికి నా పేరున దణ్ణమెట్టు. ఎండ ఆయనది, ఆపడం మన సేతిలో నేదు.

అమ్మకీ బావకీ నా దణ్ణాలు. మేనకోడలికి ముద్దులు. నువ్వు సల్లగా దీవిస్తే నాను ఇక్కడ గట్టిగానే ఉంటాను.

పెట్టె బయటకెళ్ళేక, ఓ మద్దేనం ఆ ఖాళీ గోడ దగ్గిర సిటికెడు పత్తి నేలమీదెట్టి సూడు. కదలకపోతే పెట్టె పనే, మరిసిపో. గోడకి పాకిందా, మీ అత్త రాట్నం మళ్ళీ ఆ మూలే ఎయ్యి, పక్కన కూకుని నువ్వూ వడుకు. నాకు మాత్రం ఏది జరిగిందో రాయి.

నీ తమ్ముడు,
అప్పన్న