కుంటకుండా వచ్చిన ఆటవెలది

కిష్టారెడ్డిపేట, గురువారం రాత్రి

ఈరోజు గడ్డపోతారంలో మా ఆయన పనిచేసే కంపెనీ మేనేజర్ రిటైర్మెంట్ సభ జరిగింది. నేను రాసిన ఆటవెలదిని ఫ్రేము కట్టించి, శాలువాతో పాటు ఆయన చేతికిచ్చారట.

ఏడాదిగా నా సంతోషం కోసమే పద్యం నేర్చుకుంటున్నాను. ఊళ్లో ఆ కంపెనీ వల్ల మా బోరు నీళ్లు పాడైన సంగతి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా, ప్రతి పాదమూ యతి దగ్గర కుంటింది. ఆ ఎర్రటి నీళ్లు సీసాలో పట్టుకుని అత్తమ్మ కంపెనీ గేటు దాకా వెళ్తే, కలవకుండానే పంపించేసింది ఈ మేనేజరే. ఆయన మీద పొగడ్త మాత్రం అన్నం ఉడికేలోపు వచ్చేసింది. ఒక్క గణం తప్పలేదు. నాకు నిజం రాయడమే చేతకాదేమో...

మా ఆయన ఇంటికొచ్చి ఫోన్లో ఫ్రేము ఫోటో చూపిస్తే, అత్తమ్మ దాన్ని నాతోనే చదివించుకుంది.

"గాయన గురించేనా బిడ్డా, గింత మంచిగ రాసినవ్?"

తిట్టినా బాగుండేది.

"నువ్వు ఊకో అమ్మా, సార్ మస్తు ఖుష్ అయిండు" అన్నాడు మా ఆయన. నా వైపు తిరిగి, "వచ్చే నెల మా ఓనర్ పుట్టినరోజుకు గిట్లనే ఇంకోటి గావాల్నట" అన్నాడు.

నాతోని కాదు అనాలి. అత్తమ్మ నా మొహమే చూస్తోంది.

"మీ ఓనర్ పూర్తి పేరేంది?" అని అడిగాను. పేరు తెలిస్తేనే కదా, ఏ పాదంలో ఒదుగుతుందో చూసుకునేది.