మౌజా బామ్మ ఎడమ చెయ్యి

సలాలా,
జులై 3

ప్రియమైన జువైనా పిన్నికి,

నీ చెవులకు ఫోను పనికిరాదు కనుక కాగితం పట్టాను. ఇక్కడ తుంపర మొదలైంది. కొండలు పచ్చబడ్డాయి, నా తెల్లకోటు మాత్రం ఆరడం లేదు.

నీతో ఒక పని పడింది. స్పెషలిస్టు శిక్షణలో ఉన్న మాలాంటి వాళ్ళను పరీక్షలతోనే తేల్చరు. మాతో పనిచేసిన పన్నెండు మందిని అడుగుతారు. పెద్ద డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది. పేర్లు మేమే ఇవ్వాలి, ఎవరు ఏం రాశారో మాత్రం మాకు చెప్పరు. అన్నీ కలిపి శిక్షణ మండలి ఒక నివేదిక చేతిలో పెడుతుంది. ఒక్కరు గట్టిగా తప్పుపట్టినా పిలిచి అడుగుతారు. ఏడాదంతా మళ్ళీ చెయ్యాల్సి రావచ్చు.

పన్నెండో పేరు నీది ఇచ్చాను. శవాలు కడిగే గదిని ఇంతవరకూ ఎవరూ అడగలేదని మీ ఆసుపత్రి గుమాస్తా నవ్వాడట. నవ్వనీ. నాకు ఆరు మార్కులకు ఆరూ వేసేది నువ్వు కాక ఎవరు?

నేను మీ ఆసుపత్రిలో పనిచేసిన ఆఖరి వారంలో పోయిందే, ఆరో మంచం మౌజా బామ్మ, ఆవిడ ఇంకా కలలోకి వస్తోంది. ఎడమ చెయ్యి చాపి నిలబడుతుంది.

నీ
రయ్యా


జులై 14

ప్రియమైన డాక్టరమ్మకు, నా రయ్యా తల్లికి,

ఫారం అందింది. నలభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, మెల్లగా చదువుకున్నాను. మొదటి ప్రశ్న, రోగులతో మర్యాదగా మాట్లాడుతుందా అని. గుమాస్తా సులైమాన్ పళ్ళికిలించాడు. "నీ రోగులు మాట్లాడరుగా, జువైనా!"

"మాట్లాడరు నాయనా, అందుకే అబద్ధమూ ఆడరు" అన్నాను.

వాడి నాయనమ్మను కడిగింది నేనే. బతికినన్నాళ్ళూ ఆవిడదీ ఇదే నోరు. దవడ కట్టడానికి గుడ్డ రెండు చుట్లు తిప్పాల్సొచ్చింది. చూశావా, చెప్పకూడనిది చెప్పేశాను! కడిగినవాళ్ళు చూసింది కప్పిపెట్టాలి, అది మా కట్టుబాటు. ముసలితనంలో నోటికి గడియ వదులవుతుంది.

ఏ డాక్టరు సూది ఎన్నిసార్లు గుచ్చాడో, ప్లాస్టరు పీకేటప్పుడు చర్మాన్ని తలుచుకున్నాడో లేదో, శవం మీద రేగాకులు కలిపిన స్నానపు నీళ్ళు పోయగానే నాకు తెలిసిపోతుంది. అది చేతిరాత లాంటిది. అయినా ముప్ఫై ఏళ్ళలో నా గది మెట్లు దిగి వచ్చిన డాక్టర్లు ఇద్దరే. అందులో ఒకడు దారి తప్పి వచ్చాడు.

మౌజాను కడిగింది కూడా నేనే. ఆమె మాట అడక్కు. ఫారంలో చూసింది రాస్తాను. మెచ్చుకోలు కావాలంటే మీ అమ్మనడుగు.

కర్పూరం వాసన వేసే చేతులతో దీవిస్తూ,
జువైనా


సలాలా,
ఆగస్టు 20

ప్రియమైన పిన్నికి,

నివేదిక వచ్చింది. పదకొండు మంది బాగా రాశారు. ఓపిక ఉందన్నారు, చెయ్యి మెత్తన అన్నారు. ఒక్కరు మాత్రం ఆరుకు రెండు వేసి, కింద ఇలా రాశారు: "పని ముగియకముందే తరువాతి మంచానికి పరిగెడుతుంది. కట్టింది విప్పిందో లేదో చూసుకోదు."

మండలి సెప్టెంబరులో పిలిచింది.

అది నర్సు బదరియా పనే. మీ ఆసుపత్రి వార్డులో నాతో పడనిది ఆమె ఒక్కతే. ఫోను చేసి నోటికొచ్చినట్టు అన్నాను. "నేను నీకు అన్నీ ఆరులే వేశాను డాక్టరమ్మా" అని ఏడ్చింది. నమ్మలేదు.

ఇప్పుడు రోగి దగ్గర్నుంచి నాలుగడుగులు వేసి వెనక్కి వస్తున్నాను. వాళ్ళ చొక్కా చేతులు పైకెత్తి చూస్తున్నాను. మళ్ళీ వెళ్తున్నాను, మళ్ళీ వస్తున్నాను.

రయ్యా


ఆగస్టు 31

నా తల్లీ,

బదరియాను వదిలెయ్యి. రాసింది నేను.

మౌజాకు పొద్దున రక్తం తీసుకున్నావు. మధ్యాహ్నానికి ఆమె నా బల్ల మీదికి వచ్చింది. ఎడమ చేతి చొక్కా పైకి జరిపితే, రక్తం తీసేటప్పుడు బిగిస్తారే, ఆ నీలం రబ్బరు పట్టీ అలాగే ఉంది. దాని కింద చెయ్యి నల్లబడి ఉంది. పక్కన నీళ్ళు పోస్తున్న కూతురు షమ్సా నా చెవి దగ్గర ఏడుస్తోంది. "పొద్దుట్నుంచీ చెయ్యి బరువు, చెయ్యి బరువు అంది పిన్నీ. గుండె జబ్బుకు అలాగే ఉంటుందన్నారు." అప్పటికే పట్టీ విప్పి జేబులో వేసుకున్నాను. ఆ పిల్ల చూడలేదు.

ఆ పట్టీ మౌజాను చంపలేదు, గుండె ఎప్పుడో అలిసిపోయింది. కానీ ఆమె ఆఖరి పూటను అదే తినేసింది.

చచ్చినవాళ్ళ ఒంటి మీద చూసింది కప్పమన్నారు. బతికున్న చేతి పొరపాటునూ కప్పాలా? మూడు రోజులు ఆ ఫారాన్ని సాంబ్రాణి డబ్బా కింద పెట్టుకుని తిరిగాను. చివరికి మౌజా పేరు రాయలేదు, నీ చెయ్యి సంగతే రాశాను.

కోపం వస్తే నా మీద చూపించు. పట్టీ నా దగ్గరే ఉంది.

జువైనా


సెప్టెంబరు 19, శుక్రవారం
నీ గది మెట్ల మీద నుంచి

ప్రియమైన పిన్నికి,

గదికి తాళం ఉంది. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, తలుపు కింద నుంచి తోసేస్తాను.

మౌజా బామ్మ పోయిన రోజు సాయంత్రం నా కోటు జేబులో పట్టీ లేదు. ఆవిడ చేతికే వదిలేశానని నాకు వెంటనే తెలిసింది. ఈ మెట్ల దాకా వచ్చాను. రేగాకు నీళ్ళ వాసన తగలగానే వెనక్కి తిరిగాను. నీ పేరు ఇచ్చింది ఆరుకు ఆరు కోసం కాదు పిన్నీ. చూసినదానివి నువ్వొక్కదానివే. ఎవరో ఒకరు చెబితే బాగుండునని ఇచ్చాను. తీరా నువ్వు చెప్పాక, పిరికిదాన్ని, బదరియా మీద తోశాను. పొద్దున ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చాను. "లే డాక్టరమ్మా, రోగులు చూస్తున్నారు" అని తిట్టింది.

మండలికి మౌజా పేరు నేనే చెప్పాను. నాకు ఏడాది పోయింది.

తరువాత షమ్సా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నది. "అయితే అమ్మది నిజమేనన్నమాట" అంది. "నేనే కసిరాను. ఊరికే గొణక్కు, పడుకో అన్నాను." తలుపు మూసేసింది.

ఇప్పుడు పట్టీ కట్టగానే రోగితో చెబుతున్నాను. "నేను విప్పేదాకా నా కోటు వదలకండి." నవ్వుతూ అంచు పట్టుకుంటారు.

మౌజా బామ్మ మొన్న కూడా వచ్చింది. ఈసారి చెయ్యి చాపలేదు. నా కోటు అంచు పట్టుకుని నిలబడింది.

నీ మెట్లు దిగిన మూడో డాక్టరు,
రయ్యా