రెండంగుళాల వదులు

అమ్మా, నేను కులాసా. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పూట పోటీ అని బెంగపడకు, మునగను. ఎదిగే పిల్లనని నువ్వు నా ప్రతి గౌనూ రెండంగుళాలు వదులుగా కుట్టేదానివిగా, ఆ అలవాటున ఈత బట్టలూ ఒక సైజు పెద్దవే కొన్నాను. లోపల నీళ్లు నిండి గోనెసంచిలా వెనక్కి లాగాయి. "ఇంకా ఎదుగుతారా మేడమ్?" అన్నాడు కోచ్. నలభై రెండేళ్లకి నా కొలతకి సరిపోయేవి తొడుక్కుంటే చేతులు ఎంత హాయిగా ఆడాయో.

కుట్టుమిషను బెల్టు మార్పించావా? మోకాళ్లకి తైలం రాస్తున్నావా? ఇక్కడి కొలనులో మోకాళ్ల నొప్పులవాళ్లు నడవడానికి రోజూ ఒక గంట కేటాయించారు. నువ్వొచ్చేసరికి నీకూ ఒక జత ఈత బట్టలు కొని ఉంచుతాను, కొలతలు రాసి పంపు. వీధిలో అందరి కొలతలూ నీ నోటుబుక్కులో ఉన్నాయి, నీవి తప్ప. నాన్నను టేపు పట్టమను.

నీ చిన్నది